పిట్ట ముట్టని కల్లు

శ్రీయుత ఆబ్కారీ అధికారి గారి సముఖమునకు,
సిద్దిపేట.

అర్జీదారు: కర్ణాకర్, తండ్రి కీర్తిశేషులు బుచ్చయ్య. కులవృత్తి మగ్గము. ప్రస్తుత వృత్తి మైకు సెట్లు, లైటింగు కిరాయికి ఇచ్చుట. నివాసము సిద్దిపేట దగ్గరి ఎర్రకుంటపల్లె. చదువు తొమ్మిదవ తరగతి (లెక్కల్లో తప్పినందున అక్కడే ఆగినది).

విషయం: సున్నము పూసినందున నంబరు కనబడకుండా పోయిన ఒక తాటిచెట్టును తిరిగి చెట్టుగా గుర్తించి, వచ్చే అమావాస్యలోగా గీసుకొనుటకు అనుమతించి, గీత కార్మికుడు పోచయ్య యొక్క మోకును వాపసు ఇప్పించి, తద్వారా మా తల్లి కొండవ్వ చేత అన్నము తినిపించుట గురించి.

అయ్యా,

పై విషయం చదివి తమరు నవ్వి ఉంటారు. మీ కింది కచ్చేరిలో కూడా నవ్వినారు. నవ్వడం అయిపోయినాక కింది సంగతులు వరుసగా చదవవలసినదిగా మనవి.

1. మా తండ్రి బుచ్చయ్య గారు శివరాత్రి తెల్లవారి, అమావాస్య నాడు కాలం చేసినారు. వయసు మీరిన మనిషి, మంచాన పడకుండా పోయినారు. దాని మీద మాకు ఎవరి పైనా ఫిర్యాదు లేదు. ఆయన భివండీలో మరమగ్గాల మీద బతుకంతా పనిచేసినారు. ప్రతి ఎండాకాలం ఊరికి వచ్చేవారు. మా కొరకు వస్తున్నాడని పిల్లలం అనుకునేవాళ్లం. పోచయ్య చేను గట్టున ఉన్న పండుతాడు కొరకు వస్తున్నాడని మా అవ్వకు ఒక్కదానికే తెలుసు. పండుతాడు అనగా కాయలు కాసే ఆడ తాటిచెట్టు. ఎండలు ముదిరినాక కల్లు పారుతుంది, మిరుగు, అనగా మృగశిర కార్తె చినుకులు పడినాయంటే తగ్గిపోతుంది. తమరు ఆబ్కారీ వారు గనుక ఇది తెలిసే ఉంటుంది. తెలియకపోయినా పరవాలేదు. మీ జవానుకు తెలియదు, ఆయన ఉద్యోగం నడుస్తూనే ఉన్నది.

2. "తాగుబోతు తండ్రి కొరకు తాగుబోతు కొడుకు పెట్టిన అర్జీ" అని ఫైలు మీద రాయకుండా ఉండేందుకు ఈ క్రింది సంగతి తెలుపుకుంటున్నాను. మా తండ్రి నిలబడి తాగడు. సీసాలో తాగడు. గట్టు మీద గొంతుక్కూర్చుని, తాటాకు రేకను రెండు చేతులా పట్టి, ముందు నాలుగు చుక్కలు నేలకు వదిలి, పోచయ్య లొట్టి, అనగా కల్లు కుండ, వంచుతుంటే తాగేవాడు. మొదటి గుక్కను నోట్లో కాసేపు నిలిపేవాడు. ఒకనాడు నేను పక్కన ఉండగానే ఇట్లా అన్నాడు:

"బావా, నిన్న గట్టు కింద మడికి నీళ్లు వెట్టినవు గదా. కల్లు పలుచవడ్డది."

పోచయ్యకు నవ్వు, కోపం రెండూ వచ్చినాయి. "నువ్వు కల్లు తాగుతున్నవా, నా ఎవుసం తనిఖీ చేస్తున్నవా?"

"రెండు ఒక్కటే గదా బావా. వొయ్యి."

చెట్టు కల్లు గుణం తమకు మనవి చేస్తాను. పొద్దున తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కినకొద్దీ పులుపు పట్టుకుంటుంది. మాపటికి ముక్కు పగులుతుంది, తెల్లవారితే పారబోయాలి. అది బతికి ఉన్న వస్తువు, పూటకో తీరు మారుతుంది. మా దగ్గరి ఒక దుకాణంలో అమ్మే కల్లు పొద్దున ఎట్లా ఉంటుందో మాపటికీ అట్లనే ఉంటుంది, మూడో నాటికీ అట్లనే ఉంటుంది. అది కల్లు కాదు, సర్కారు జవాబు. అందులో తీపి చక్కెరది, నురగ కుంకుడుకాయది, మత్తు పొడిది, నీళ్లు బోరువి. తాటిచెట్టుకు అందులో ఏ భాగమూ లేదు. ఆ దుకాణం వెనక ఉన్న చెట్లు ఎండి మొండాలై నిలబడ్డాయి. కానీ డ్రమ్ములు నిండుతూనే ఉన్నాయి. మొండాలకు మాత్రం గీసుకోవచ్చని మీ శాఖ వేసే నంబర్లు భేషుగ్గా ఉన్నవి, రాత కూడా మంచిగున్నది.

3. దినాల నాడు పిట్టకు పెట్టినాము. ఈ ఆచారం తమ ఇంట్లో కూడా ఉండి ఉంటుంది. పోయినవారికి ఇష్టమైనవి విస్తరిలో పెట్టి దూరం జరిగితే, కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవారు తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే ఇంటివాళ్లకు నోట్లో ముద్ద దిగదు. అన్నము, తలకాయ కూర, గుడాలు, బీడీ కట్ట పెట్టినాము. చెట్టు అప్పటికి గీతకు రాలేదు గనుక, ముంతెడు కల్లు పై దుకాణం నుండి తెచ్చిపెట్టినాము. అదే మేము చేసిన పొరపాటు.

హైదరాబాదులో ఖరీదైన మద్యం అమ్మే కంపెనీలో పనిచేసే మా బావ రమాకాంత్, అనగా మా అక్క సుచిత్ర భర్త, ద్రాక్ష వైను సీసా ఒకటి తెచ్చినాడు. కాడ ఉన్న గ్లాసు కూడా తెచ్చినాడు. "మామ జిందగీల మంచిది తాగలే. గిదన్న తాగనీ" అని గ్లాసులో పోసి, గుండ్రంగా తిప్పుతున్నాడు.

మా మేనత్త యాదవ్వ అడిగింది, "గట్ల తిప్పుతున్నవేందయ్యా అల్లుడా, చల్ల చిలుకుతున్నవా?"

"గిట్ల తిప్పితె వాసన లేస్తదత్తా."

"వాసన లేస్తె ఏం ఫాయిద. మా అన్న లేస్తడా?"

గ్లాసును ముంత పక్కన పెట్టి అందరం జరిగినాము. కాకి వచ్చింది. పక్కన రాయి మీద వాలింది. ముంతలోకి వంగి చూసింది. గ్లాసును అటునుండి ఇటునుండి చూసింది. తరువాత మా వైపు తిరిగి చూసింది. నన్ను అట్లా మా లెక్కల పంతులు తప్ప ఇంకెవరూ చూడలేదు. ఏదీ ముట్టకుండా లేచిపోయింది.

ఇక మొదలైనాయి మాటిచ్చుడులు. "బాపూ, అవ్వను మంచిగ అర్సుకుంట, ముట్టు" అని నేను. "నాయినా, నీ మనుమరాలి పెండ్లి నీ పేరు మీద చేస్త, ముట్టు" అని మా అక్క. "మామా, గా జాగ పంచాయితి ఇడిసిపెడుత" అని రమాకాంత్ బావ అన్నప్పుడు నేనే ఆశ్చర్యపోయినాను. కాకి ఆ మాటకు కూడా రాలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆఖరుకు విస్తరిని ఆవుకు పెట్టి ఇంటికి వచ్చినాము.

మా అవ్వ గడప మీద కూర్చుని ఒకటే మాట అన్నది. "ఆయిన మూతి గూడ కడగని కల్లు వెడితిరి. పిట్ట ఎట్ల ముడ్తది? ఆయిన ముట్టందే నేను మెతుకు ముట్ట."

ఆనాటి నుండి నేటి దాకా ఆమె అన్నం తినలేదు. గ్లాసెడు జావ, గ్లాసెడు మజ్జిగ. దవాఖానకు తీసుకపోతే డాక్టరమ్మ నన్ను తిట్టింది: "ఏం కొడుకువయ్యా, తల్లికి తిండి వెడ్తలేవా?" దానికి నేను ఏమని జవాబు చెప్పాలో తమరు సెలవియ్యండి. "ఆబ్కారీ శాఖ వారు పెట్టనిస్తలేరు" అని చెప్పినాను. ఆమె నాకే ఏదో మందు రాయబోయింది.

4. ఉగాది ముందటి అమావాస్యకు మొదటి మాసికం వచ్చింది. చెట్టు ఇంకా పారలేదు. కాకులనైనా ఎక్కువ పిలుద్దామని, నా మైకు సెట్టులో కాకి అరుపులు పెట్టినాను. నా వృత్తి అది, నాకు తోచింది అది. ఊర్లో ఉన్న కాకులన్నీ వచ్చినాయి, పక్క ఊరివి కూడా వచ్చినట్టున్నవి. వచ్చి లౌడు స్పీకరు చుట్టూ తిరిగి, దానితో కొట్లాడి, దాని మీద రెట్ట వేసి పోయినాయి. విస్తరి దిక్కు ఒక్కటీ చూడలేదు. అప్పుడు మా అవ్వ బాధ చూడలేక, అందరూ అటు తిరిగినప్పుడు అన్నాన్ని వేళ్లతో అక్కడక్కడ కెలికి, "అవ్వా, ముట్టింది" అని కేక పెట్టినాను. ఆమె వచ్చి విస్తరిని చూసి, నా మొఖం చూసింది.

"కాకికి అయిదు వేళ్లు ఉండయిరా. నీ బాపుతోని గూడ పరాష్కమేనా?"

అయ్యా, ఈ జిల్లాలో నేను ఎంతోమందిని ఆట పట్టించినాను. ఒక్కరు కూడా నన్ను అంత సిగ్గుపడేట్టు చేయలేదు. ఈ అర్జీ పరాచికానికి రాసింది కాదని చెప్పడానికే ఈ సంగతి రాయవలసి వచ్చింది.

5. ఇక అసలు ఫిర్యాదు. చెట్టు గీతకు వచ్చే ముందు మా అవ్వ ఆ చెట్టుకే మొక్కుకున్నది. "మా ఆయినకు ఒక్క ముంత ఇయ్యి తల్లీ, నీకు జాజు సున్నం పట్టెలు ఏపిస్త" అని. దేవునికి మొక్కినా, చెట్టుకు మొక్కినా మాట తప్పే మనిషి కాదామె. ముంత దిగకముందే మొక్కు తీర్చమన్నది గనుక, చెట్టు మొదలు నుండి నా ఎత్తు దాకా ఎర్ర పట్టె, తెల్ల పట్టె నేనే స్వయంగా వేసినాను. పసుపు కుంకుమ మా అవ్వ పెట్టింది. చెట్టు పెండ్లికూతురోలె అయింది. ఆ సున్నం కిందనే మీ శాఖ వారు వేసిన నల్ల నంబరు ఉన్నదని అప్పుడు ఎవరికీ తట్టలేదు. మొక్కు తీరుస్తున్న మనిషి నంబరు చూస్తాడా, తమరే చెప్పండి.

పోచయ్య చెట్టు ఎక్కి గెలలు కోత పెట్టినాడు, లొట్టి కట్టినాడు. ఇంకో రెండు పూటలైతే దిగుతుందనగా మీ జవాను గారు బండి మీద వచ్చినారు. ఆ సంభాషణ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"గీ చెట్టు నంబరేది?"

"సున్నం కిందున్నది సారూ" అని పోచయ్య.

"నాకు కనవడ్తలేదు. నంబరు లేకుంటె చెట్టు లేనట్టే."

నేను అడిగినాను, "మరి మీ బండి ఎవల నీడకు పెట్టిన్రు సారూ?"

ఆయనకు కోపం వచ్చింది. నా తప్పు లేదు, బండి నిజంగానే ఆ నీడలో ఉన్నది. సున్నం గీకి చూపిస్తామని గీకినాము. సున్నంతో పాటు నంబరు కూడా ఊడివచ్చింది. అప్పుడాయన, "సర్కారు నంబరు చెరిపిన్రు, గిది ఇంకో కేసు" అని, పోచయ్య మోకును, అనగా నడుముకు చుట్టుకుని చెట్టెక్కే తాడును, చుట్టగా చుట్టి బండి మీద వేసుకుని పోయినారు. మోకు లేని గీత కార్మికుడు ఏమి చేయాలి? పోచయ్యకు ఆనాటి నుండి మిగతా చెట్లు కూడా లేవు. అప్పు మోకుతో ఎక్కమంటే, "అల్లుడా, మంది చెప్పులేసుకుని నడువొచ్చు గని, మంది మోకుల పానం పెట్టలేను" అన్నాడు. ఆయన మాట న్యాయం.

6. మేము మీ కింది కచ్చేరికి పోయినాము. కుర్చీలో ఉన్నాయన శాంతంగా విన్నాడు. "నంబర్లు ఏసేది వానకాలం ఎళ్లినంక. అప్పుడు రాండ్రి, కొత్త నంబరు ఏస్తం" అన్నాడు.

"అప్పటిదాక చెట్టు పారదు సారూ."

"మరి నేనేం జెయ్యాలె?"

"మా అవ్వ అన్నం తింటలేదు సారూ."

"గది మా శాఖ కిందికి రాదు."

ఇదిగో, అయ్యా, ఈ మాట దగ్గర నాకు తిక్క లేచింది. చెట్టు మీ శాఖ, నంబరు మీ శాఖ, కల్లు మీ శాఖ, కల్లు కాని కల్లు అమ్మేవాడు కూడా మీ శాఖ దయ. వాటన్నిటి చివర ఉన్న ఒక ముసలిదాని అన్నపు విస్తరి మాత్రం మీ శాఖ కిందికి రాదు.

7. ఆ తిక్కలో ఇంటికి వచ్చి నల్లరంగు డబ్బా తీసుకున్నాను. చెట్టు మీద నేనే నంబరు రాస్తే పోచయ్య మీద ఇంకో కేసు పడుతుందని దాని జోలికి పోలేదు. గట్టు పక్కన ఉన్న కరెంటు స్తంభం మీద, మీ వాళ్ల రాతకు రాత కలిపి, మా చెట్టు నంబరును రాసినాను. తరువాత వారంలో మీ జవాను గారు చెట్ల తనిఖీకి వచ్చినారు. బండి దిగలేదు. తల ఎత్తలేదు. నంబర్లు చూసుకుంటూ, రాసుకుంటూ పోతున్నారు. నేను స్తంభం పక్కనే నిలబడి అడిగినాను.

"సారూ, గీ నంబరు చెట్టు ఎట్లున్నది?"

"మంచిగనే పారుతున్నది" అన్నారు.

పారుతున్న మాట నిజమే, కరెంటు పారుతున్నది. కనుక తమ శాఖ లెక్క ప్రకారం నేటికి ఎర్రకుంటపల్లెలో కల్లు ఇచ్చే స్తంభం ఒకటి ఉన్నది, కల్లు ఇవ్వని తాటిచెట్టు ఒకటి ఉన్నది. ఇందుకు నా మీద కేసు పెట్టదలిస్తే పెట్టండి. కానీ కోర్టులో ముందుగా ఆ స్తంభాన్ని చెట్టుగా రాసినది ఎవరో చెప్పవలసి వస్తుంది. నేను ఉట్టి నంబరు రాసినాను, చెట్టని రాయలేదు.

అయ్యా, ఇంకొక మాట. దీనికి అంకె వేయడం లేదు, ఎందుకంటే ఇది ఫిర్యాదు కాదు, మంట. మా రమాకాంత్ బావ తెచ్చిన ఆ వైను సీసాను కాకి వద్దన్నాక నేను తాగినాను. అబద్ధం చెప్పను, బాగున్నది. మొదట వగరు, తరువాత ఎండిన నేరేడు పండు లెక్క ఒక వాసన, గొంతు దిగినాక కూడా నాలుక మీద ఏదో మిగిలింది. మా బాపు ఉంటే రెండో గుక్కకు ఏ మట్టిదో చెప్పేవాడు. సీసాను తిప్పి చూస్తే ఏ తోట, ఏ జాతి ద్రాక్ష, ఏ యేటి పంట అన్నీ అచ్చేసి ఉన్నవి. మా బావ చెప్పినాడు, ఆ వ్యాపారంలో తోట పేరుకే మర్యాదట. కొండ ఇవతలి ద్రాక్ష వేరు, అవతలి ద్రాక్ష వేరట. అది విని మా యాదవ్వత్త, "గిది మా అన్న ఎప్పటినుంచో చెప్తుండె, ఆయినకెవలు సీసా ఇయ్యకపాయె" అన్నది.

ద్రాక్షకు తోట పేరు ఉన్నది. మా తాటికి తమరు ఇచ్చినది నంబరు. పోనీ, అదైనా ఉంచుకుంటామంటే చెట్టు ఉండగానే చెట్టు లేదంటారు. పొడి కలిపినవాడి డ్రమ్ము మీద నంబరు అడిగినవాడు లేడు. మనుషులు ఆ పొడి కల్లు తాగి, పనికి పోక, మాట తడబడి, చేతులు వణికి గడపల మీద కూర్చున్నారు. నా మైకు తీగలు చుట్టే మల్లేశం ఒక పూట ఆ కల్లు దొరకకపోతే గోడకు తల కొట్టుకుంటాడు. చెట్టు కల్లు మానినవాడెవడూ తల కొట్టుకోడు. మా బాపు భివండీలో ఏడాదిలో పదినెలలు కల్లు లేకుండా ఉండేవాడు, ఒక్కనాడు చేయి వణకలేదు. వణికితే మగ్గం మీద నూలు తెగుతుంది. ఏది తాగుడో ఏది విషమో చెప్పడానికి తమకు పరీక్షశాల ఉన్నదట. నమూనా పోతుంది, కాగితం వచ్చేసరికి డ్రమ్ము మారుతుంది. ఆ నమూనాను ముందుగాల మా ఊరి కాకి ముందట పెట్టండి. దానికి జీతం అవసరం లేదు, ఎవరి బండి మీదా ఎక్కదు, ఎవరింటికి పోయినా చాయ తాగదు.

పై కారణాల రీత్యా నా కోరికలు:

తమరు స్వయంగా గానీ, మెడ ఎత్తగల మనిషిని ఎవరినైనా పంపి గానీ, ఆ చెట్టును చూసి దానికి నంబరు వేయించగలరు. సున్నం మీద వేసినా మాకు అభ్యంతరం లేదు.

పోచయ్య మోకును వాపసు ఇప్పించగలరు. అది ఆయన తండ్రి చేతి పేనుడు. కచ్చేరి మూలకు పడేస్తే ఎలుకలు కొడతాయి.

గీత మొదలు పెట్టిన రెండు మూడు పూటలకు గానీ కల్లు దిగదు. వైశాఖ అమావాస్య వచ్చేస్తున్నది, అది మూడవ మాసికం. చైత్ర అమావాస్య ఉట్టిగనే పోయింది. ఇది కూడా తప్పితే మిరుగు పడుతుంది, చెట్టు మళ్లీ ఏడాది దాకా పారదు. మా అవ్వ ఏడాది దాకా జావ మీద ఉండలేదు. ఉంటానంటుంది, ఉండలేదు. నిన్న బావి దగ్గరికి పోతూ గోడ పట్టుకుని నిలబడ్డది. "కండ్లల్ల పురుగు వడ్డది" అన్నది.

పై కోరికలు తీర్చుట వీలు కాని పక్షంలో, అమావాస్య నాడు తమరే దయచేసి, విస్తరి పక్కన కూర్చుని, నంబరింగు సీజను ఎప్పుడో కాకికి నచ్చచెప్పగలరు.

కావున తమరు ఈ అర్జీని చిత్తగించి, బీరువాలో పెట్టక, చెట్టు మొదటికి నడిచి అక్కడ మిగిలినది చిత్తగించవలెను.

ఇట్లు,
తిక్క ఉన్నా తమ విధేయుడు,
కర్ణాకర్

తా.క.: ఈ అర్జీని మా అవ్వకు చదివి వినిపించినాను. మంచంలో ఒరిగి కండ్లు మూసుకుని విన్నది. సగంలోనే నిద్రపోయిందనుకున్నాను. అయిపోయినాక కండ్లు తెరవకుండానే అన్నది, "అన్ని రాసినవు బిడ్డా. కరెంటు స్తంభం సంగతి గూడ రాసినవు. నాకు ఆకలైతున్నదని రాయకపోతివి."

ఇన్ని దినాల్లో ఆ మాట ఆమె నోట వినడం ఇదే మొదలు. సారూ, మాటలు ఎక్కువ తక్కువ అయితే కేసు నా మీద రాసుకోండ్రి, నేను వచ్చి సంతకం పెడ్త. మా అవ్వకు ఆకలైతున్నది.